మేనకోడలి పన్ను, మేనమామ హైట్ పాస్

రిటైర్మెంటుకు ఇంకా పద్నాలుగు నెలలు ఉందనగా, ఒక జూన్ నెల ఒకటో తేదీన, విశాఖపట్నం రేవులో ఉన్న మా కంపెనీ యార్డుకు నన్ను సీనియర్ మెడికల్ ఆఫీసరుగా బదిలీ చేశారు. ఓడల్లోంచి సరుకు దించి లారీలకెక్కించే ప్రైవేటు కంపెనీ అది. అంతకుముందు ఎనిమిదేళ్ళు హెడ్డాఫీసులో ఏసీ గదిలో కూర్చుని మేనేజర్ల షుగరు చూసినదాన్ని. చివరి ఏడాది కాస్త దుమ్ము కూడా తినిపించి పంపుదామనుకున్నారేమో. ఆర్డరులో కారణం రాయలేదు, నేనూ అడగలేదు.

యార్డులో డాక్టరు పని బయటి డాక్టరు పనికి పూర్తిగా తలకిందులు. బయట మనిషి వచ్చి నాకు ఒంట్లో బాగాలేదు అంటాడు. ఇక్కడ జ్వరంతో కాలిపోతున్నవాడు కూడా నాకేమీ లేదని ఒట్టేస్తాడు. పనిలోకి దిగాలంటే నా సంతకం కావాలి మరి. బోర్డు మీద ‘ఆక్యుపేషనల్ హెల్త్ సెంటర్’ అని ఉంటుంది కానీ, యార్డులో అందరూ మందులగది అనే అంటారు. ఆ గదిలో ఉండేది నేనూ, డ్రెస్సర్ ఖాదర్ గారూ. డ్రెస్సర్ అంటే గాయాలు కడిగి కట్టు కట్టే మనిషి. ఖాదర్ గారి ఇల్లు విశాఖ పాతనగరంలో, వాళ్ళన్నదమ్ములకు అక్కడ అత్తరు కొట్టు ఉంది. ఆయన కట్టు కడితే అందులోంచి మల్లెల వాసన వచ్చేది. మాట మాత్రం బహు పొదుపు.

మా సంతకాల్లో అన్నిటికంటే బరువైనది హైట్ పాస్. ఎత్తు మీద పనిచేసే ప్రతివాడికీ ఆరు నెలలకోసారి అది కొత్తగా ఇవ్వాలి. బీపీ చూడాలి, చూపు చూడాలి, కళ్ళు మూయించి ఒంటికాలి మీద నిలబెట్టాలి, నేల మీద పరిచిన సన్నటి చెక్క మీద నడిపించాలి. అన్నీ సరిగా ఉంటే పాస్ మీద ముద్ర. ఒక్కటి తేడా వచ్చినా ‘అన్‌ఫిట్’ అని రాసి కింద కూర్చోబెట్టాలి.

నేను చేరిన రెండో సోమవారం ఉదయం నూకరాజు పాస్ కోసం వచ్చాడు. క్రేన్ ఆపరేటరు. తండ్రీ తాతా సముద్రం మీదికి వెళ్ళినవాళ్ళు. ఇప్పటికీ బాబాయిలది అదే పని. ఆ ఇంట్లో నీళ్ళ మీదికి కాకుండా గాల్లోకి వెళ్ళినవాడు ఇతనొక్కడే. కండపట్టిన మనిషి, ముప్ఫై నాలుగేళ్ళవాడు, పాత రికార్డులో ఎక్కడా వంక లేదు. బీపీ చూస్తే నూట డెబ్బై బై నూట నాలుగు. పది నిమిషాలు కూర్చోబెట్టి మళ్ళీ చూశాను. ఇంకో ఆరు పెరిగింది.

ఉప్పు ఎక్కువ తింటున్నావా, మందు తాగావా, నిద్ర లేదా అని వరసగా అడిగాను. అన్నిటికీ తల అడ్డంగా ఊపాడు. చివరికి ఖాదర్ గారు తలుపు దగ్గరికి వేశాక బయటపెట్టాడు.

“మా సెల్లి కూతురు డాక్టరమ్మా. గుంటకి పదమూడు నెలలు. ఇన్నాళ్ళూ ఒక్క పన్నూ రాలేదు. ఇప్పుడు వచ్చినాది, పైది ముందొచ్చీసింది.”

చంటిపిల్లలకు కింది పళ్ళు ముందు రావడం మామూలు. పైది ముందొస్తే మేనమామకు గండమని మన ఇళ్ళలో ఒక భయం. మా ఇంట్లోనూ ఉండేది. మా తమ్ముడు నా కూతురికి పళ్ళొచ్చే రోజుల్లో మా ఇంటి ఛాయలకు రాలేదు. ఆ సంగతి నూకరాజుకు చెప్పలేదు. నవ్వు ఆపుకుని, పన్నుకీ నీకూ ఏమిటయ్యా సంబంధం అన్నాను.

“నానెక్కేది సైకిల్ కాదు గదమ్మా” అన్నాడు. “నలబై మీటర్ల పైన కూకుంటాను. కిందకి సూత్తే గుంట నోరే కనిపిత్తంది.”

నవ్వు రాలేదు అప్పుడు. భయం ఎంత తెలివితక్కువదైనా బీపీ నిజమైనది. పాస్ ఇవ్వలేదు.

అరగంటలో క్రేన్ సెక్షన్ ఇంజినీరు సూర్యనారాయణ వచ్చాడు. ఎలమంచిలి నుంచి రోజూ రైల్లో వచ్చే మనిషి. రైలు ఆలస్యమైతే రైల్వే మీద, కాకపోతే మా మీద విసుక్కునేవాడు. ఆ రోజు బెర్తులో ఎరువుల ఓడ కట్టి ఉంది. ఆ క్రేన్ నడపగలవాళ్ళు ఇద్దరే. రెండోవాడు కాలు విరిగి సబ్బవరంలో మంచం మీద ఉన్నాడు. నూకరాజు ఎక్కకపోతే సరుకు దిగదు. కింద లారీలు బారులు తీరి ఉన్నాయి.

“మేడం, కింది పన్నే ముందొచ్చిందని ఒక్క ముక్క రాసిచ్చేయండి. వాడు ఎక్కేస్తాడు” అన్నాడు.

నేను కళ్ళజోడు సర్దుకుని, చూడకుండా రాయడం నా సర్వీసులో లేదన్నాను. చూసే రాస్తానన్నాను. ఆ మాట ఎంత దర్జాగా అన్నానో ఇప్పటికీ గుర్తుంది. గుర్తొచ్చినప్పుడల్లా చెవులు వేడెక్కుతాయి.

చూడాలంటే పిల్లను తేవాలి. కంపెనీ వైద్యం ఉద్యోగికీ, భార్యాపిల్లలకీ, తల్లిదండ్రులకీ. చెల్లెలి కూతురు ఆ పుస్తకంలోకి రాదు. అందుకని ‘సందర్శకుల ప్రథమ చికిత్స’ రిజిస్టరులో రాసేటట్టు ఏర్పాటు చేశాను. మంగళవారం ఉదయం గేటు దగ్గర సెక్యూరిటీవాళ్ళు ఆపేశారు. సందర్శకులకు ఫొటో పాస్, హెల్మెట్, సేఫ్టీ బూట్లు తప్పనిసరి. బూట్ల విషయంలో ఫోన్ మీద పావుగంట వాదించి మినహాయింపు తెచ్చాను. హెల్మెట్ విషయంలో వాళ్ళు ఒప్పుకోలేదు.

కాబట్టి నూకరాజు మేనకోడలు తన్విక నా గదిలోకి పసుపుపచ్చ హెల్మెట్‌తో వచ్చింది. అది కళ్ళ కిందిదాకా దిగిపోయింది. కనిపించేది నోరొక్కటే, ఆ నోరు హెల్మెట్ పట్టీని కసిగా నములుతోంది. గౌను ముందుభాగమంతా చొంగతో తడిసిపోయింది. ఎత్తుకున్నది తల్లి రాజేశ్వరి. వెనకాల అమ్మమ్మ పోలమ్మ. ఆవిడ చేపలమ్ముతుంది. జెట్టీ నుంచి నేరుగా వచ్చింది, గంప గేటు దగ్గర పెట్టించారని మండిపడుతూ. అందరి వెనకా, తలుపు బయటే, నూకరాజు. పిల్ల నోరు తనవైపు తిరిగినప్పుడల్లా గోడ చాటుకు జరుగుతున్నాడు.

“రెండ్రోజులై గంజి కూడా తాగట్లేదమ్మా” అంది రాజేశ్వరి. “రొమ్ము పడితే కొరికినట్టు సేసి ఏడుత్తంది.”

ఆ మాట నేను విన్నాను. రిజిస్టరులో రాశాను కూడా. దాని గురించి ఆలోచించలేదు, అదే నా తప్పు. నా ధ్యాసంతా పన్ను పైనా కిందా అన్నదాని మీదే ఉంది. గుమ్మంలో ఇంజినీరు గడియారం చూసుకుంటున్నాడు.

హెల్మెట్ తీసి టార్చి వేశాను. పిల్ల టార్చిని కరుచుకుంది. వదిలించుకుని మళ్ళీ వేశాను. ఈసారి నా చూపుడువేలు కరుచుకుని ఆరున్నొక్క రాగం అందుకుంది. ఆ రాగం మధ్యలో రెండు సెకన్లపాటు పై చిగురు కనబడింది. ఎర్రగా ఉబ్బి ఉంది. మధ్యకు కాస్త కుడివైపు, తెల్లగా, నిగనిగలాడుతూ ఒక అంచు. కింద ఏమీ లేదు.

“పైదే” అన్నాను.

తలుపు బయట నూకరాజు గోడకు జారబడి కూర్చుండిపోయాడు. ఇంజినీరు మొహం మాడిపోయింది. నేను మాత్రం ఉన్నది ఉన్నట్టు రాసే డాక్టర్ని కదా, కలం తీసి పాస్ ఫారం మీద వ్యాఖ్యల గడిలో వివరంగా రాశాను: ‘ఉద్యోగి మేనకోడలికి ఎగువ దవడ, కుడి మధ్య పన్ను చిగురు దాటి వచ్చింది. ఈ కారణంగా ఉద్యోగికి ఆందోళన. తాత్కాలికంగా అన్‌ఫిట్.’ తేదీ, సంతకం, ముద్ర. రిజిస్టరులో పిల్ల పేరు పక్కన కూడా అదే రాశాను.

నొప్పి తగ్గడానికి పిల్ల బరువు చూసి చుక్కల మందు రాశాను. శుభ్రమైన గుడ్డ తడిపి చల్లబరిచి నమలడానికి ఇమ్మన్నాను. చిగుళ్ళకు తేనె రాయొద్దు, మొద్దుబారే జెల్లులు కొని పూయొద్దు అని చెప్పాను. అవన్నీ సరైన సలహాలే. ఆ తర్వాత నూకరాజును కూర్చోబెట్టి, పిల్ల పన్నుకూ మామ ఆయుష్షుకూ ఏ సంబంధమూ లేదని పది నిమిషాలు ఉపన్యసించాను. అంతా విన్నాడు. మీరు సెప్పింది నిజమేనమ్మా అన్నాడు. బీపీ నూట ఎనభై దాటింది.

బుధవారం నా ఉపన్యాసం ఫలితం కనిపించింది. మందులగది ముందు క్యూ కట్టింది. జబ్బు ఎవరికీ లేదు. అందరూ మేనమామలు. ఇద్దరు క్రేన్ ఆపరేటర్లు, ఒక వెల్డరు, ఆనందపురం నుంచి వచ్చే లారీ సూపర్‌వైజరు. ఫోన్లలో మేనల్లుళ్ళ నోళ్ళ ఫొటోలు తెప్పించుకుని పట్టుకొచ్చారు. “ఇది పైదా కిందిదా సూసి సెప్పండమ్మా, ఫోను తిరగేసి పట్టుకున్నానేటో” అన్నాడు వెల్డరు. సూర్యనారాయణ కూడా లోపలికొచ్చి, తనకు ఇలాంటి నమ్మకాలేమీ లేవని నొక్కి చెప్పి, వాళ్ళక్క కొడుక్కి ఎనిమిదో నెల అని గొంతు తగ్గించి అన్నాడు.

ఓడ అలాగే ఉంది. ఓడ పని ఆగితే ఎందుకు ఆగిందో షిఫ్టు రిపోర్టులో రాయాలి. అందులో కారణాలకు అచ్చువేసిన గళ్ళుంటాయి: వర్షం, యంత్రం చెడిపోవడం, లారీలు లేకపోవడం. పన్నుకు గడి లేదు. సూర్యనారాయణ ‘ఇతరములు’ దగ్గర టిక్కు పెట్టాడు. హెడ్డాఫీసు వాళ్ళు ఇతరములు అంటే ఏమిటని ఫోన్ చేశారు. దంత సమస్య అన్నాడు. ఓడకా అని అడిగారట.

ఇళ్ళ దగ్గర శాంతుల మీద చర్చ నడిచింది. నూనెలో పిల్ల మొహం చూడమన్నవాళ్ళు ఒకరు, వెండి గిన్నె పెట్టమన్నవాళ్ళు ఇంకొకరు. నూకరాజు రెండూ చేశాడు. నూనె గిన్నెలో చూస్తుంటే పిల్ల అందులో చెయ్యి ముంచి అతని మొహానికి పూసిందని పోలమ్మ తర్వాత చెప్పింది.

గురువారం ఉదయం పదిన్నరకు రాజేశ్వరి పిల్లను మళ్ళీ తెచ్చింది. ఈసారి హెల్మెట్ లేదు, గేటువాళ్ళు కూడా పిల్లను చూసి అడగలేదు. పిల్ల కరవడం మానేసింది. తల్లి భుజం మీద వాలి సన్నగా మూలుగుతోంది. మంగళవారం నా వేలు కొరికిన పిల్లేనా అనిపించింది. పోలమ్మ చీర కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. పళ్ళొచ్చే పిల్లలు చిరాకుపడతారు, చొంగ కారుస్తారు, ఒక పూట తిండి మానేస్తారు. నాలుగు రోజులు ఇలా వాడిపోరు. అది నాకు మంగళవారమే తట్టి ఉండాల్సింది.

మళ్ళీ టార్చి వేశాను. పిల్లకు పెనుగులాడే ఓపిక లేదు కాబట్టి బాగా కనబడింది. చిగురు ఇంకా ఉబ్బింది. తెల్లటి అంచు అలాగే ఉంది, మధ్యకు కాస్త ఎడమవైపు. అదే మాట పైకి అన్నాను, ఖాదర్ గారు రాసుకుంటారని.

ఆయన రాయలేదు. రిజిస్టరు వెనక్కి తిప్పి చూశారు. కళ్ళజోడు పైకి తోసుకుని, ఎంతో మర్యాదగా అన్నారు.

“మేడమ్, మొన్న కుడి అని రాసినారు. పన్ను నడుత్తాదా మేడమ్?”

నా సర్వీసులో కుడీ ఎడమా పొరపడ్డ సందర్భాలున్నాయి, కానీ ఆ రోజు పొరపడలేదు. మంగళవారం కుడే, గురువారం ఎడమే. చేతులు మళ్ళీ కడుక్కుని, మరిగించి చల్లార్చిన నీళ్ళలో కట్టుకు వాడే పలచటి గుడ్డ తడిపి వేలికి చుట్టుకున్నాను. పన్ను మీద వేలు పెట్టి మెల్లగా తుడిచాను.

పన్ను ఊడి వచ్చింది.

గుడ్డ మీద పడింది. గుండ్రంగా, పలచగా, చిన్న గాజుబిళ్ళలా ఉంది. నేను దాన్ని కిటికీ వైపు పట్టి, వెలుగులో తిప్పి చూసి, ఇదేమిటో పేరు చెప్పలేక నిలబడిపోయాను. ఎంబీబీఎస్, పైన ఒక డిప్లొమా. పోలమ్మ నా చేతిలోంచి దాన్ని తీసుకుంది. చూడటానికి ఆవిడకు టార్చీ అక్కర్లేకపోయింది, వెలుగూ అక్కర్లేకపోయింది. బొటనవేలితో ఒక్కసారి రుద్దింది.

“ఓలమ్మో! ఇది పండుగప్ప పొలుసు గదా!”

నాకు ఇంకా నమ్మబుద్ధి కాలేదు. నిజమా అని అడిగాను. ఆవిడ నా వైపు జాలిగా చూసింది.

“నలబై ఏళ్ళై సేపలమ్ముతన్నాను డాక్టరమ్మా. మూడు కేజీల సేప. ఆదివారం మా ఇంటి ముందలే కోసినాను.”

ఆ తర్వాత సంగతంతా దానంతటదే బయటికొచ్చింది. ఆదివారం నూకరాజుకు పండుగప్ప పులుసు తినాలనిపించింది. పట్టుబట్టి అడిగాడు. పోలమ్మ గుమ్మంలో కత్తిపీట వేసుకుని కూర్చుని పొలుసు తీస్తుంటే, తప్పటడుగులేస్తూ వచ్చిన పిల్ల కింద పడ్డదేదో తీసి నోట్లో వేసుకుంది. పొలుసు పై చిగురుకు అంటుకుపోయి, అంచు లోపలికి దిగి, అటూ ఇటూ జరుగుతూ, ఒరుసుకుంటూ ఉండిపోయింది. సాయంత్రానికి అమ్మమ్మ పిల్ల నోట్లో తెల్లటి మెరుపు చూసి గండం అంది.

పోలమ్మ గబుక్కున గుమ్మం వైపు తిరిగింది. బయట నూకరాజు ఉన్నాడు.

“నీకు గండం కాదురా ఎదవా! నీ పులుసే గుంటకి గండం అయినాది!”

నూకరాజు ఈసారి గోడ చాటుకు జరగకుండా పిల్ల దగ్గరికి వచ్చాడు. రాజేశ్వరి చేతుల్లోంచి తీసుకుని, నోరు తెరిపించి చూశాడు. చిగురు మీద అర్ధచంద్రంలా ఒక గీత, పచ్చిపుండు. చూసి ఏడ్చాడు. “నా గురించి అనుకున్నాను గానీ దీని గురించి అనుకోలేదమ్మా” అన్నాడు. అతను క్రేన్ ఆపరేటరు. పిల్ల నోరు చూడటం అతని ఉద్యోగం కాదు, నాది. నాకు చాలా సిగ్గేసింది.

పుండు శుభ్రం చేశాను. నగరంలో పిల్లల డాక్టరుకు ఉత్తరం రాసి, చీటీలో చుట్టిన పొలుసుతో సహా పిల్లను ఆయన దగ్గరికి పంపాను. ఇన్ఫెక్షను లేదని, రెండు మూడు రోజుల్లో మానుతుందని ఆయన చెప్పారు. పొలుసును ఆయన దగ్గరే ఉంచేసుకున్నారట, పిల్లల డాక్టర్ల మీటింగులో చూపించడానికి. వాళ్ళు బయల్దేరేలోపే, మా గదిలోనే, ఖాదర్ గారి టిఫిన్ డబ్బాలోంచి పెరుగన్నం మెత్తగా పిసికి తల్లి పెడితే పిల్ల నాలుగు ముద్దలు తిన్నది. నాలుగో ముద్దకు ఖాదర్ గారి వేలు కూడా కలిపి కరిచింది. ఆయన ఆనందంగా కరిపించుకున్నారు.

పన్నెండున్నరకు నూకరాజు బీపీ నూట ముప్ఫై బై ఎనభై నాలుగు. ఒంటికాలి మీద నిలబెట్టాను, చెక్క మీద నడిపించాను. పాస్ ఇచ్చాను. ఒంటిగంట తర్వాత ఎరువుల ఓడ మీద క్రేన్ కదిలింది. కింద లారీవాళ్ళు ఈలలు వేశారు.

ఇక మిగిలింది నా రాత. మెడికల్ రికార్డులో రాసినదాన్ని కొట్టిపారేయడానికి వీల్లేదు. మధ్యలో ఒకే గీత గీయాలి, పాత అక్షరాలు కనబడుతూ ఉండాలి, పక్కన కారణం రాసి తేదీతో సంతకం పెట్టాలి. అలాగే చేశాను: ‘పన్ను అని రాసినది పన్ను కాదు. చేప పొలుసు. పండుగప్ప.’ చేప పేరు రాయమని పట్టుబట్టింది పోలమ్మ. అయ్యవారు నేర్పినట్టు పక్కన నిలబడి రాయించింది.

పద్దెనిమిది రోజుల తర్వాత నూకరాజు ఫోన్ చేశాడు. పైనుంచే, క్రేన్ కేబిన్లోంచి చేశాడు. అది రూలుకు విరుద్ధం, మరో సందర్భంలో అయితే రిపోర్టు రాసేదాన్ని. కింది చిగురులో బియ్యపుగింజంత పన్ను వచ్చిందన్నాడు. చూశావా అని అడిగాను. “తుడిసి సూసినాను డాక్టరమ్మా, ఊడలేదు” అన్నాడు.

ఆ ఏడాది చివర హెడ్డాఫీసు నుంచి సేఫ్టీ ఆడిటరు వచ్చాడు. రికార్డులు తిరగేస్తూ పండుగప్ప దగ్గర ఆగిపోయాడు. రెండుసార్లు చదివాడు. ఏ పొరపాటు కనబడినా ఆడిటులో మూడు గళ్ళు నింపాలి: లోపం, మూలకారణం, దిద్దుబాటు చర్య. మూలకారణం దగ్గర ఆయన ‘చేపల పులుసు’ అని రాయబోయాడు. నేను ఒప్పుకోలేదు. మూలకారణం మెడికల్ ఆఫీసరు తొందర అని రాయించాను. రెండు సెకన్లు చూసి నాలుగు వరసలు రాసింది నేను. దిద్దుబాటు చర్య గడిలో నా చేత్తో రెండు వాక్యాలు రాశాను. మొదటిది: ‘నోట్లో కనిపించినదాన్ని తడిగుడ్డతో తుడిచి, వేలితో తాకి చూశాకే రికార్డులో రాయాలి.’ అది ఆమోదించారు. మొన్న ఖాదర్ గారు ఫోన్ చేసినప్పుడు ఆ కాగితం ఇంకా మందులగది గోడకు అంటించే ఉందన్నారు.

రెండో వాక్యాన్ని ఆడిటరు కొట్టేశాడు. కొలవడానికి వీలుకానిది దిద్దుబాటు చర్య కాదన్నాడు. ఆయన రూలు ప్రకారం అది సరే. ఆ వాక్యం ఇది: ‘పిల్ల నోరు తెరిచినప్పుడు పిల్ల కోసం చూడాలి.’